జిగురు గిన్నె అడుగున

పోయిన వారం చిన్నవాణ్ణి మూతపడ్డ వడ్రంగి కొట్టంలో, దుమ్ము పట్టిన జిగురు గిన్నె చేతికిచ్చి నిలబెట్టి వచ్చాం. వాడింకా అక్కడే గుడ్లప్పగించి నిలబడ్డాడని అనుకునేరు. వాడు తన జీవితంలో చేయాల్సిన నిలబడటమంతా ఈ పదకొండేళ్లలోనే చేసేశాడు. ఆ గిన్నెను సంచిలో పెట్టుకుని, కొట్టానికి మళ్లీ తాళం వేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. వాడు ఈల వేయడం పెళ్లయ్యాక భార్య వినడం అదే మొదలు. ఆవిడకు భయం వేసింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆ ఇంటి తండ్రిని వీధంతా పెద్దమేస్త్రీ అంటారు. పదకొండేళ్ల కిందట రంపం మెషీన్ మీద ఆయన కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. రంపం పళ్లకు అడ్డంగా ఉండే ఇనుప గార్డు పని మధ్యలో జారిపోయింది. దాన్ని అటొకటి ఇటొకటి పట్టి ఉంచే, చేత్తో తిప్పే రెక్కల నట్లు రెండూ లేవు. కొట్టమంతా జల్లెడ పట్టినా దొరకలేదు. రోజూ పొద్దున గార్డు విప్పి, పొట్టు దులిపి, మళ్లీ బిగించే పని చిన్నవాడిది. "బిగించాను నాన్నా, రెండూ బిగించాను" అని వాడు లబోదిబోమన్నాడు. "పొద్దున వాడే కదా తుడిచాడు" అని వాడి అన్నయ్య ఒకే ఒక్క మాట అన్నాడు. ఆ మాట చాలింది. "ఇక వాడి చేతికి పనిముట్టు ఇవ్వకండి" అని తండ్రి ఆస్పత్రి మంచం మీంచే చెప్పేశాడు. కొట్టం మూతపడింది. చిన్నవాడు అప్పట్నుంచీ ఊరికి అవతలి చివర ఎవరి దగ్గరో తలుపులు చేసుకుంటున్నాడు. తండ్రి వేళ్లు తీసినవాడని వాడి వెనకాల అనుకోని వీధి లేదు.

అన్నేమో రైటర్ గారయ్యాడు. రోజూ సాయంత్రం ఏడింటికి టీవీలో వచ్చే సీరియల్ ఆయన రాస్తున్నదే. అందులోనూ ఇద్దరన్నదమ్ములు, ఒక కోత మిల్లు, ఒక ప్రమాదం. మొన్న మంగళవారం ఎపిసోడ్‌లో దుర్మార్గుడైన తమ్ముడు గార్డు నట్టు విప్పుతుంటే అది చేయిజారి, పక్కనే పొయ్యి మీద ఉడుకుతున్న జిగురు గిన్నెలో పడింది. అది చూస్తూ అన్నం తింటున్న చిన్నవాడి చేయి కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. వాడి ఆలోచన ఒక్కటే. నట్టు ఎక్కడ పడిందో విప్పినవాడికి తప్ప ఇంకెవడికీ తెలిసే వీల్లేదు.

అది ఎముకలూ తోళ్లూ ఉడికించి చేసే పాతకాలపు జిగురు. చల్లారితే రాయి, నీళ్లు పోసి వేడిచేస్తే పాకం. ప్రమాదం జరిగిన రోజున గడ్డకట్టిన గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కలేదు. చిన్నవాడు దాన్ని ఒక రాత్రీ ఒక పగలూ నానబెట్టి, పొడుగాటి మేకుతో గుచ్చి చూశాడు. అడుగున ఇనుము తగిలి టక్కుమంది. అయినా బయటికి తీయలేదు.

"తీయండి మరి! ఇంకా దేనికి చూస్తున్నారు?" అంది భార్య.

"నేను తీస్తే నేనే వేశానంటారు. నాన్న చేత్తోనే తీయాలి. అన్నయ్య చూస్తుండగా తీయాలి."

శనివారం సీరియల్‌కి ఐదువందలో ఎపిసోడ్. రైటర్ గారు ఇంటి ముందు ఖాళీ స్థలంలో పెద్ద టీవీ పెట్టించి, చిన్న వేదిక, నలభై కుర్చీలు వేయించి, మైకు కూడా తెప్పించాడు. ఎపిసోడ్ అవగానే రెండు మాటలు మాట్లాడతాడట. ఆయన రెండు మాటలంటే ఎంతసేపో వీధిలో అందరికీ తెలుసు కాబట్టి, జనం ముందుగానే గోడకి ఆనుకునే కుర్చీలు చూసుకుని కూర్చున్నారు. ఛానల్ మేనేజరు కూడా వచ్చాడు. ముందు వరుసలో తండ్రి. మూడు వేళ్లు లేని కుడిచేయి ఒళ్లో, ఎడమచేయి ఎప్పటిలాగే జేబులో. ఆ జేబులో ఆయన ఎప్పుడూ ఏదో తిప్పుతూ ఉంటాడు. తాళంచెవి కాబోలని ఇంట్లోవాళ్లు అడగడం కూడా మానేశారు.

చిన్నవాడు భార్యతో కలిసి చివరి వరుసలో కూర్చున్నాడు. సంచి కాళ్ల మధ్య ఉంది. పక్కన ఎదురింటి టైలరు.

ఏడయింది. సీరియల్ మొదలైంది. మిల్లు రహస్యం ఇవాళ బయటపడుతుంది. తప్పు చేసింది తమ్ముడు. ఆ నిందను తన మీద వేసుకుని ఇన్నాళ్లూ నోరు విప్పని దేవుడు అన్న. ఇది తెలిసిన ప్రతి మనిషి మొహం మీదికీ కెమెరా మూడేసిసార్లు దూకింది. ప్రతిసారీ ఎక్కడో పిడుగు పడింది. వంటమనిషి మొహం మీద కూడా పడింది, ఆవిడకీ కథకీ సంబంధం లేకపోయినా.

చిన్నవాడు పక్కకి వంగాడు. "చూశావా," అన్నాడు భార్య చెవిలో. "చేసిన తప్పు నాకు అంటగట్టాడు, సరే. నేను పడ్డ నిందని కూడా తనే కట్టుకుని ఊరేగుతున్నాడు. ఏడ్చే వంతు కూడా నాకు మిగల్చలేదు."

"ఉగ్గబట్టుకోండి. ఇంకో ఐదు నిమిషాలు."

తెర మీద బామ్మ లేచి నిలబడింది. "తప్పు ఇద్దరిదీరా! వీడు చేశాడు, నువ్వు దాచావు" అని ఇద్దరి తలలూ దగ్గరికి చేర్చింది. తమ్ముడు కంటి నుంచి ఒక చుక్క కార్చాడు, అదీ కుడికంటి నుంచే. అన్న చేతులు చాపాడు. కౌగిలింత, వేణువు, ఆ వెనకే సబ్బు ప్రకటన.

జనం చప్పట్లు కొట్టారు. టైలరు మాత్రం కొట్టలేదు. "రైటర్ గారూ!" అని వెనక నుంచే కేకేశాడు. "నాకర్థం కాలేదండీ. నింద మోసినవాడు పదేళ్లు మోశాడు. చేసినవాడు ఒక్క చుక్కతో చేతులు దులుపుకున్నాడు. పైగా తప్పు ఇద్దరిదీ అంటారేంటి? ఒకడు బట్ట తప్పుగా కత్తిరించి, ఇంకొకడు తిట్లు తింటే, బట్ట ఇద్దరూ పాడుచేసినట్టా?"

జనం నవ్వారు. రైటర్ గారూ నవ్వాడు, పెద్దమనిషిలా. "తప్పెవరిదో తేలడం జనానికి అక్కర్లేదండీ. కలిసిపోవడం కావాలి. తప్పు తేలిపోతే ఇక సీరియల్ ఏముంటుంది?"

చిన్నవాడు సంచి పట్టుకుని లేచాడు. ప్రకటనలు, తర్వాత వెనకటి భాగాల ముక్కలు, అన్నీ కలిపి ఇంకో పావుగంట ఉంది. ఇంటి వెనక నుంచి వంటింట్లోకి వెళ్లాడు.

వదిన టీ కప్పులు సర్దుతోంది. మరిది చెప్పాపెట్టకుండా వచ్చి, పాత రాగి గిన్నె ఒకటి తన పొయ్యి మీద పెట్టి వెలిగించేసరికి నోరు తెరిచింది. కాసేపటికే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదేం కంపయ్యా! బయట అంతమంది ఉన్నారు, నా పరువు తీస్తావా?"

"పరువుకే వచ్చాను వదినా. ఓ పది నిమిషాలు ఓర్చుకోండి."

వదిన టీ పళ్లెం ఎత్తుకుని గొణుక్కుంటూ బయటికి పోయింది. ఆ వాసన ఆవిడ వెనకే వెళ్లింది. అది మరిచిపోదామన్నా మరిచిపోలేని వాసన. చెక్కపొట్టు, తడిసిన తోలు, పొగ. ముందు వరుసలో కూర్చున్న పెద్దమేస్త్రీ తల తిప్పాడు. టీవీ సంగతి వదిలేసి లేచాడు.

వంటింటి గుమ్మంలోకి వచ్చి పొయ్యినే చూశాడు. కొడుకుని చూడలేదు. రెండంగల్లో దగ్గరికొచ్చి మంట తగ్గించాడు.

"ఇంత మంట పెడితే అడుగంటదా?" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాను."

పదకొండేళ్ల తర్వాత పని గురించి తండ్రి తనతో అన్న మొదటి మాట అదే. చిన్నవాడికి ఒక్క క్షణం గిన్నె దించేసి, ఆయన పక్కన ఊరికే నిలబడిపోదామా అనిపించింది కూడా. ఆ క్షణాన్ని వాడు పళ్లు నూరి అవతల పారేశాడు. ఇందుకా నాలుగు రోజులు నిద్ర మానుకుంది?

ఈలోగా రైటర్ గారు లోపలికొచ్చాడు, చేతిలో ఉపన్యాసం కాగితాలతో. "నాన్నా, రండి, మిమ్మల్ని స్టేజీ మీదికి పిలుస్తా..." అంటూ వచ్చినవాడు గిన్నె చూసి ఆగిపోయాడు. చిన్నవాడి భార్య ఆయన వెనకాలే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ నిలబడితే ఆ గుమ్మంలోంచి పిల్లి కూడా బయటికి పోలేదు.

"అన్నయ్యా," అన్నాడు చిన్నవాడు, చాలా మర్యాదగా. "మంగళవారం ఎపిసోడ్ అదిరింది. నట్టు జిగురు గిన్నెలో పడ్డం. ఎలా తట్టింది నీకు?"

"ఊహరా. రాసేవాళ్లకి అలా తడుతుంటాయి."

"ఊహేనా?"

"ఊహ కాక ఇంకేంటి?"

"అయితే ఈ గిన్నెలో జిగురు తప్ప ఏమీ ఉండకూడదు. ఇది మన కొట్టంలోదే. ఆ రోజు తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాన్నా, ఆ గరిట తీసుకోండి. మీరే కెలకండి."

రైటర్ గారి చేతిలో కాగితాలు రెపరెపలాడాయి, వంటింట్లో ఫ్యాను లేకపోయినా. "ఇవాళేనా ఇవన్నీ? బయట మేనేజరు గారు..."

తండ్రి ఎవరి మాటా విననట్టు గరిట ఎడమచేత్తో అందుకుని గిన్నెలో దించాడు. ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టులో లోహం రాగికి తగిలింది. గరిట పైకొచ్చింది. అందులో, తేనెరంగు జిగురు కారుతూ, రెక్కల నట్టు ఒకటి.

బయట టీవీలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

"అరే, అది..." అంటూ రైటర్ గారు గోడకి ఆనుకున్నాడు. ఎన్నో వందల సంభాషణలు రాసిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. చివరికి దొరికింది నిజమే. "ఆ రోజు నాటకం రిహార్సల్‌కి టైమైపోతోందిరా. మందం పలకొకటి కోయాలి, గార్డు అడ్డొచ్చింది. గోడవైపు నట్టు విప్పాను. చేయిజారి అందులో పడింది. కుతకుతా ఉడుకుతోంది, చెయ్యెలా పెట్టను? వచ్చాక చూద్దాంలే అని వెళ్లిపోయాను. వచ్చేసరికి నాన్న ఆస్పత్రిలో ఉన్నారు."

"వచ్చాక చూశావుగా," అన్నాడు చిన్నవాడు. "'పొద్దున వాడే కదా తుడిచాడు.' నాలుగే నాలుగు మాటలు. ఎంత బాగా రాశావు అన్నయ్యా! అప్పుడే అనుకోవాల్సింది నువ్వు రైటరవుతావని." వాడి గొంతు పెరగలేదు. పెరిగితే ఈ సుఖం తొందరగా అయిపోతుందని వాడికి భయం. "నాకు పిల్లనిచ్చేవాళ్లు ముందు నా చేతులు చూసేవాళ్లు, తెలుసా? తండ్రి వేళ్లు తీసిన చేతులు ఎలా ఉంటాయోనని. ఈవిడొక్కతే చూడకుండా ఒప్పుకుంది. పదకొండేళ్లు నేను ఊళ్లోవాళ్లకి తలుపులు బిగించాను. ఇంత వడ్రంగినై ఉండి, మన కొట్టం తలుపు మాత్రం దొంగలా తీశాను మొన్న."

రైటర్ గారు ఏడుస్తున్నాడు. రెండు కళ్ల నుంచీ. చిన్నవాడికి అది చూడ్డానికి ఎంత హాయిగా ఉందో చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు, హాయిగానే ఉంది.

"ఇంకోసారి కెలకండి నాన్నా. రెండోది కూడా అందులోనే ఉంటుంది."

"లేదు!" అన్నాడు రైటర్ గారు, ఉలిక్కిపడి. "నేను విప్పింది ఒక్కటేరా. ఒట్టు! నావైపుది బిగించే ఉంది. అందుకే ఏం కాదులే అనుకున్నాను. ఒక్కటే విప్పాను."

"మళ్లీ సగమేనా?" చిన్నవాడు మొదటిసారి అరిచాడు. "దొరికిపోయాక కూడా సగమే ఒప్పుకుంటావా? మిగతా సగం ఎవరికి పంచుతావు, బామ్మకా? తీయండి నాన్నా!"

తండ్రి గరిట కింద పెట్టాడు.

"అందులో లేదు," అన్నాడు. "వాడు చెప్పింది నిజం."

ఎడమచేయి జేబులోకి పోయింది. రోజూ ఇంటిల్లిపాదీ చూస్తున్న చేయే అది. పిడికిలి బయటికొచ్చి, పొయ్యి గట్టు మీద తెరుచుకుంది. పదకొండేళ్లు వేళ్ల మధ్య తిరిగి తిరిగి అద్దంలా నునుపుతేలిన రెక్కల నట్టు ఒకటి, జిగురు కారుతున్న దాని పక్కన పడింది.

"ఆ సాయంత్రం పలక అడ్డం తిరిగింది," అన్నాడు తండ్రి, నట్ల వైపే చూస్తూ. "గార్డు కాస్త పైకెత్తుదామని ఇటువైపు నట్టు విప్పి, అలవాటుగా జేబులో వేసుకున్నాను. గోడవైపుది బిగించే ఉంది కదా, ఒక్క పలకకి ఏమవుతుందని మెషీన్ ఆన్ చేశాను. ఆస్పత్రిలో నర్సు నా చొక్కా జేబులోంచి తీసి దీన్ని నా చేతిలో పెట్టింది. అప్పటికే వీడు నీ పేరు చెప్పేశాడు." నట్లు రెండింటినీ దగ్గరికి జరిపాడు. "నలభైమందికి పని నేర్పినవాణ్ణిరా. నట్టు ఊడదీసి రంపం తిప్పితే వీపులు వాయించినవాణ్ణి. నేనే ఆ పని చేశానని ఏ నోటితో చెప్పను?"

చిన్నవాడి భార్య గుమ్మం వదిలేసి ముందుకొచ్చింది. "అందుకని ఈయన నోరు మూయించారా మామయ్యా?" అంది.

చిన్నవాడు నాలుగు రోజులుగా మాటలన్నీ అన్న కోసం సానబెట్టుకున్నాడు. తండ్రి కోసం ఒక్కటి కూడా పెట్టుకోలేదు. ఒళ్లంతా మండుతోంది, ఆ మంట ఎటు తిప్పాలో తెలియడం లేదు. తన మాట నాన్న నమ్మలేదని ఇన్నేళ్లూ అనుకున్నాడు. నమ్మకపోవడం కాదు. ఒక నట్టు తానే విప్పానని ఆయనకి తెలుసు.

సరిగ్గా అప్పుడు రైటర్ గారికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని, "చూశావా," అన్నాడు మెల్లగా, చేతులు చాపుతూ. "నేనొక్కణ్ణే కాదురా. అందరిదీ తప్పే. ఇక ఇదంతా..."

"ఆ ముక్క పూర్తిచేశావంటే ఈ గిన్నె నీ నెత్తిన బోర్లిస్తాను," అన్నాడు చిన్నవాడు. "అందరిదీ అన్నావంటే ఎవరిదీ కాదని. నీది నీదే. ఆయనది ఆయనదే. నాది మాత్రం ఏమీ లేదు. లేని వాటా నేను పదకొండేళ్లు మోశాను, ఇక మొయ్యను."

బయట టీవీ ఆగింది. మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు రైటర్ గారిని వేదిక మీదికి..."

చిన్నవాడు రెండు నట్లూ తీసి తండ్రి అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. "బయట నలభైమంది ఉన్నారు. మైకు కూడా ఉంది. ఆ నలభైమందీ నన్ను ఏమనుకుంటున్నారో మీకు తెలుసు. మీరిద్దరూ కలిసి అనిపించిందే. వెళ్లి చెప్పండి."

"నాన్నా, వద్దు!" రైటర్ గారు తండ్రి కాళ్లు పట్టేసుకున్నాడు. "మేనేజరు గారు ఉన్నారు. నా పేరు పోతుంది, మీ పేరు పోతుంది. రేపు మనింట్లోనే చెప్పుకుందాం, వాడి కాళ్లు కూడా పట్టుకుంటాను. రేపు!"

తండ్రి కింద ఉన్న పెద్దకొడుకుని చూశాడు. నిలబడి ఉన్న చిన్నకొడుకుని చూశాడు. ఎవరికీ మాట ఇవ్వలేదు. కాళ్లు విడిపించుకుని గుమ్మం దాటాడు.

పెద్దమేస్త్రీ వేదికెక్కుతుంటే జనం చప్పట్లు కొట్టారు, కొడుకు గొప్పతనం తండ్రి చెబుతాడనుకుని. ఆయన మైకు కోసం చేయి చాపాడు. కుడిచేతికి పట్టుకునే వేళ్లు లేవు. ఎడమచేతి పిడికిట్లో నట్లున్నాయి. ఆ పిడికిలి ఆయన తెరవలేదు. తల తిప్పి, వెనకే వచ్చి పక్కన నిలబడ్డ చిన్నవాడి వైపు చూశాడు.

చిన్నవాడు మైకు అందుకుని తండ్రి నోటి దగ్గర పెట్టాడు. వీధిలో జనం ఆ చేతినే చూస్తున్నారని వాడికి తెలుసు, ఎందుకు చూస్తున్నారో కూడా తెలుసు. గుమ్మంలో రైటర్ గారు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. వెనక వరుసలో టైలరు కుర్చీలోంచి లేచాడు.

"నా వేళ్లు ఎవరి వల్ల పోయాయో మీకు తెలుసని మీరందరూ అనుకుంటున్నారు," అన్నాడు పెద్దమేస్త్రీ. మైకు కీచుమంది. ఆయన ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, ఇద్దరు కొడుకుల్నీ ఒకసారి చూసి, పిడికిలి మరింత బిగించాడు. "ఆ పేరు ఇవాళ నా నోటితో నేను చెబుతాను."